క్యాంపింగ్‌లో నీడకూ వానకూ ఏ పందిరి? పట్టా, టార్ప్, ఫోల్డింగ్ కెనోపీ

గుడారం కొనడానికి నాలుగు రోజులు వెతికేవాళ్ళు కూడా దాని ముందు వేసుకునే పందిరి దగ్గరికొచ్చేసరికి ‘ఏదో ఒకటి కప్పుకుందాం’ అంటారు. నిజానికి గుడారం పనికొచ్చేది పడుకోవడానికే. వంట, తిండి, పేకాట, తడిసిన బూట్లు, పిల్లల అల్లరి అన్నీ పందిరి కిందే. మే నెల మధ్యాహ్నం రెండింటికి గుడారంలో పది నిమిషాలు కూర్చోలేరు. జులైలో ముసురు పడితే అదే గుడారంలో నలుగురూ మోకాళ్ళు ముడుచుకుని కూర్చోవాలి.

ఏది కొనాలో తేల్చుకునే ముందు ఒక చిక్కు తెలియాలి. ఎండకు కావలసిన పందిరి వేరు, వానకు కావలసింది వేరు. ఎండకు అది ఎత్తుగా, పరిచినట్టుగా, నాలుగు వైపులా గాలి ఆడేలా ఉండాలి. వానకు కిందికి దిగి, ఏటవాలుగా, గాలి కొట్టే వైపు దాదాపు నేలను తాకేలా ఉండాలి. పొద్దున ఎండ కాసి సాయంత్రం గాలివాన వచ్చే మన వేసవిలో ఒకే రోజు రెండూ కావాలి. అందుకే బరువు, ధర, రంగు చూసేముందు అడగాల్సింది ఒక్కటే: దీని ఆకారం అక్కడికక్కడ మార్చుకోవచ్చా?

నీడ ఎక్కడ పడుతుంది

పదడుగుల పందిరి వేస్తే పదడుగుల నీడ వస్తుంది. కాకపోతే అది పందిరి కిందే పడాలని లేదు. హైదరాబాద్ దాదాపు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీడ సరిగ్గా కిందే పడుతుంది. అదే రోజు సాయంత్రం నాలుగింటికి సూర్యుడి ఎత్తు 36 డిగ్రీలకు దిగుతుంది. ఏడడుగుల ఎత్తున కట్టిన పందిరి నీడ అప్పటికి తూర్పుకు తొమ్మిదిన్నర అడుగులు జరిగిపోతుంది. అంటే పది బై పది పందిరికి దాని కింద నేల మీద మిగిలే నీడ అరడుగు. కుర్చీలో కూర్చున్నవాళ్ళ తల కాస్త ఎత్తులో ఉంటుంది కాబట్టి సగం చోటు దక్కుతుంది, కాళ్ళు మాత్రం ఎండలోనే. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల దగ్గరే ఆగిపోతాడు. అప్పుడు నీడ ఉత్తరానికి ఆరడుగులు జరుగుతుంది.

దీనికి మందు పెద్ద పందిరి కాదు, పడమర అంచు దించడం. మధ్యాహ్నం రెండు దాటాక పడమర వైపు రెండు మూలలను నడుము ఎత్తుకు దించితే నీడ మళ్ళీ మీ కిందికి వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా గాలి కూడా ఎక్కువగా పడమర, నైరుతి నుంచే వీస్తుంది కాబట్టి ఎండకు దించిన అంచే వానకూ అడ్డం పడుతుంది. నెల్లూరు, ప్రకాశం తీరంలో అక్టోబరు, డిసెంబరు మధ్య మాత్రం వాన తూర్పు, ఈశాన్యం నుంచి వస్తుంది. అక్కడ ఈ లెక్క తిరగేసుకోవాలి.

వాన లెక్క కూడా ఇలాంటిదే. ఏడడుగుల ఎత్తున, పక్కలు తెరిచిన పది బై పది పందిరి మీద వాన 45 డిగ్రీల వాలున కొడితే ఏడడుగులు లోపలి దాకా తడుస్తుంది. పొడిగా మిగిలేది మూడడుగులు, అంటే రెండు కుర్చీలకు చోటు. గాలి వైపు అంచును మూడడుగులకు దించితే తడిసేది కూడా మూడడుగులే.

గాలీ నీళ్ళూ ఎంత బరువు

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు, అంటే ఒక కిలో. మూడు బై మూడు మీటర్ల గుడ్డ మీద 25 మిల్లీమీటర్ల జల్లు కురిస్తే 225 కిలోల నీళ్ళు దిగాయన్నమాట. జారిపోతే దిగుల్లేదు. ఐదో వంతు ఒక గుంటలో నిలిచినా 45 కిలోలు. గుడ్డ సాగి ఆ గుంట ఇంకా లోతవుతుంది, ఇంకా నీళ్ళు నిలుస్తాయి. పందిళ్ళు విరిగేది ఎక్కువగా ఇలాగే, గాలికి కాదు. ప్రతి మూడడుగుల పొడవుకు కనీసం అడుగు వాలు పెడితే గుంట పడదు.

గాలి మాటకొస్తే, గంటకు 40 కిలోమీటర్ల గాలి ఎదురుగా ఉన్న గుడ్డను చదరపు మీటరుకు ఏడున్నర కిలోల చొప్పున తోస్తుంది. తొమ్మిది చదరపు మీటర్లకు 65 కిలోల పైమాటే. వేగం 60కి పెరిగితే అది 150 కిలోలు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో మామిడికాయలు రాల్చే గాలి ఇలాంటిదే, చెప్పి రాదు. ఇరవై కిలోల ఫోల్డింగ్ కెనోపీని, అంటే మడత గొడుగు పందిరిని, నాలుగు చిన్న మేకులతో నిలబెట్టి వాగులో స్నానానికి వెళ్ళొస్తే అది పక్కవాళ్ళ కారు మీద దొరుకుతుంది.

పొలం పట్టా

ధాన్యం ఆరబోసే టార్పాలిన్ పట్టా ఊళ్ళో ఇంటింటా ఉంటుంది. సంవత్సరానికి ఒకసారి వెళ్ళేవాళ్ళు ఇంకేదీ కొననక్కర్లేదు. అమ్మేది జీఎస్ఎం లెక్కన, అంటే చదరపు మీటరు ఎన్ని గ్రాములన్నది. 12 బై 15 అడుగుల పట్టా 150 జీఎస్ఎం అయితే రెండున్నర కిలోలు, 250 జీఎస్ఎం అయితే నాలుగు కిలోల పైన. పందిరికి 150 నుంచి 200 చాలు. వంద లోపు జీఎస్ఎం నీలం పట్టాలు రోడ్డు పక్కన చవగ్గా దొరుకుతాయి. అవి మడతల దగ్గర పొర ఊడి సూది బెజ్జాలు పడతాయి, రెండో వానకు కారతాయి. హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్‌తో నేసిన ఈ పట్టాలకు ఐఎస్ 7903 అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆ గుర్తు, ఎండకు పాడవకుండా యూవీ మందు కలిపినట్టు రాత, రెండూ చూసి తీసుకోండి.

పట్టాలో బలహీనమైనది గుడ్డ కాదు, అంచున కొట్టిన అల్యూమినియం రింగులు. గాలికి పట్టా ఎగిరెగిరి పడితే ముందు మూల రింగే చించుకుని వస్తుంది. అందుకని రింగులకు నేరుగా తాడు కట్టకండి. మూల నుంచి జానెడు లోపల, పట్టా అడుగు వైపు నుంచి నిమ్మకాయంత నున్నటి గులకరాయి పెట్టి, పైనుంచి గుడ్డతో కలిపి దాని మెడకు తాడు బిగించండి. లాగే బలం గుడ్డ మొత్తం మీద పరుచుకుంటుంది. రింగు ఊడిన పాత పట్టాకైనా ఇదే వైద్యం.

ఎండకు పట్టా అంత సుఖం కాదు. గాలి పీల్చదు, వేడెక్కి ఆ వేడిని కిందికి వదులుతుంది. పసుపు, నీలం పట్టాల కింద కూర్చుంటే అన్నం కూడా ఆ రంగులోనే కనిపిస్తుంది. లోపల నలుపు, బయట వెండి రంగు ఉన్న పట్టా నీడ బాగా ఇస్తుంది. గాలికి పటపటా కొట్టుకుంటుంటే రాత్రి నిద్ర పట్టదన్నది ఇంకో ఫిర్యాదు. సరిగ్గా బిగిస్తే అది చాలావరకు పోతుంది.

నైలాన్, పాలియెస్టర్ టార్ప్

ఎవరైనా ఒక్కటే కొనాలంటే మేం చెప్పేది ఇదే: మూడు బై నాలుగు మీటర్ల పాలియెస్టర్ రిప్‌స్టాప్ (చిరుగు పాకకుండా గళ్ళుగా నేసిన) టార్ప్, అంటే క్యాంపింగ్ కోసం కుట్టిన పలచటి గుడ్డ పట్టా, నీళ్ళు దిగకుండా వేసే పీయూ (పాలీయురేథేన్) పూత 2000 మిల్లీమీటర్లకు తగ్గకుండా. బరువు కిలో అటూ ఇటూ, చుడితే దిండంత. బైకు మీద వెళ్ళే ఇద్దరికి మూడు బై మూడు చాలు.

ఆ మిల్లీమీటర్ల అంకె గుడ్డ మందం కాదు. గుడ్డ మీద నిలువుగా ఎంత ఎత్తు నీటి స్తంభం నిలబడితే అవతలి వైపు చుక్క దిగుతుందో ఆ ఎత్తు. 1500 మామూలు వానకు ఆపుతుంది, 3000 ఉంటే జోరువానకూ బెంగ లేదు. 5000, 8000 అని రాసినవాటికి అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. పందిరి కారేది చాలావరకు కుట్ల దగ్గర. నడిమధ్యలో కుట్టు ఉంటే దాని లోపలి వైపు టేపు అతికించారో లేదో వేలితో తడిమి చూడండి. లేకపోతే కుట్టు బెజ్జాలు మూసే సీమ్ సీలర్ అనే జిగురు పూసుకోవాలి.

నైలాన్ గట్టిది, కానీ తడిస్తే సాగుతుంది. సాయంత్రం తబలాలా బిగించింది తెల్లారేసరికి వేలాడుతూ ఉంటుంది. పాలియెస్టర్ అంతగా సాగదు. తాళ్ళకూ ఇదే మాట. కిరాణా కొట్లో దొరికే నున్నటి ప్లాస్టిక్ తాడు చవకే కానీ ముడి జారుతుంది, ఎండకు పొట్టు రాలుతుంది. నాలుగు మిల్లీమీటర్ల అల్లిక పాలియెస్టర్ తాడు 30 మీటర్లు తీసుకుంటే మొత్తం పందిరికి సరిపోతుంది.

పలచటి టార్ప్‌లకు ఉన్న లోపం నీడ. లేత రంగు గుడ్డ వెలుతురును సగం లోపలికి వదిలేస్తుంది. వేసవికి వాడేటట్టయితే లోపల వెండి పూత ఉన్నది తీసుకోండి. యూపీఎఫ్ 50+ అని రాసి ఉంటే అతినీలలోహిత కిరణాల్లో యాభయ్యో వంతుకు మించి దిగదని అర్థం. అది చర్మానికి సంబంధించిన అంకె, వేడికి కాదు. ఇంకా అంచుల్లో కట్టుకునే చోట్లు ఎన్నో లెక్కపెట్టండి. నాలుగు మూలలే ఉంటే ఒక్క ఆకారమే కుదురుతుంది. పదహారు ఉంటే ఎండకు పరుపులా, వానకు రెండు వాలుల కొప్పులా, గాలికి ఒకవైపు నేలకు దిగిన వాలుపాకలా ఎలాగైనా కట్టొచ్చు.

చెట్లు లేనిచోటికి రెండు కర్రలు కావాలి. ఏడెనిమిది అడుగుల మడత అల్యూమినియం కర్రలు బాగానే ఉంటాయి. కారు పైన పెట్టుకునే వీలుంటే టింబర్ డిపోలో దొరికే వెదురు బొంగులు వాటికేం తీసిపోవు. పైకొసన గంటు కొట్టి తాడు అందులో కూర్చోబెట్టాలి.

కొప్పు తాడు కట్టే పద్ధతి

రెండు చెట్ల మధ్య బిగించే తాడు మీదే టార్ప్ నిలకడంతా. ముడి కొత్తగా నేర్చుకోవలసిందేం కాదు, లారీ మీద సరుకుకు పట్టా కట్టేవాళ్ళు రోజూ వేసేదే. తాడు ఒక కొసను మొదటి చెట్టుకు తల ఎత్తున కట్టండి. రెండో చెట్టుకు మూడడుగుల ఇవతల తాడులో ఒక చిన్న ఉచ్చు వేయండి, లాగితే విడిపోయే జారుముడితో. మిగిలిన కొసను రెండో చెట్టు చుట్టూ తిప్పి వెనక్కి తెచ్చి ఆ ఉచ్చులో దూర్చి, మళ్ళీ చెట్టు వైపుకు లాగండి. ఉచ్చు కప్పీలా పనిచేస్తుంది, ఒక చేత్తోనే తాడు వీణ తీగలా బిగుస్తుంది. బిగిశాక ఉచ్చు దగ్గర వేళ్ళతో నొక్కి పట్టి రెండు సగం ముడులు వేస్తే సరి.

టార్ప్‌ను ఆ తాడు మీదుగా వేయండి, తాడుకు వేలాడదీయకండి. చిన్న పొరపాటు ఒకటి చాలామంది చేస్తారు. వానలో నీళ్ళు చెట్టు నుంచి తాడు వెంట పాకుతూ వచ్చి పందిరి లోపల చుక్కలు చుక్కలుగా కారతాయి, టార్ప్ చిరిగిందనుకుంటారు. టార్ప్ అంచు బయట బెత్తెడు దూరంలో తాడుకు ఒక పాతగుడ్డ పేలిక కట్టి వేలాడదీస్తే నీళ్ళు అక్కడే దిగిపోతాయి.

ఎండిన కొమ్మలున్న చెట్టు కింద కట్టొద్దు. చెట్టు బెరడు కోసుకోకుండా తాడు కింద గుడ్డ పెట్టండి. అడవిలో అయితే అసలు అటవీ శాఖ అనుమతి ఉన్నచోటే దిగాలి.

ఫోల్డింగ్ కెనోపీ

రోడ్డు పక్కన సిమ్ కార్డులు అమ్మేవాళ్ళు వేసుకునే మడత గొడుగు పందిరి. ఇద్దరుంటే ఐదు నిమిషాల్లో నిలబడుతుంది, తాళ్ళూ ముడులూ అక్కర్లేదు, లోపల నిలబడి తిరగొచ్చు. రెండు కార్ల కుటుంబం, చదునైన నేల, వంట సామాను ఎక్కువ అంటే దీనికి సాటి లేదు. ఆకారం మాత్రం మారదు. ఒకవైపు కాళ్ళు ఒక మెట్టు దించి నీళ్ళు జారేలా చేసుకోవడం ఒక్కటే మీ చేతిలో ఉన్నది. వానలో అది తప్పకుండా చేయండి.

కొనేటప్పుడు మూడు సంగతులు. మొదటిది, కాళ్ళు నిలువుగా ఉన్నాయా, బయటికి వాలి ఉన్నాయా. వాలు కాళ్ళవాటిలో పది బై పది అన్నది నేల మీద కాళ్ళ మధ్య కొలత, పైన గుడ్డ ఎనిమిది బై ఎనిమిదే ఉంటుంది. వంద చదరపు అడుగులకు డబ్బిచ్చి 64 అడుగుల నీడ తెచ్చుకుంటారు. రెండోది, మడిచినా దీని పొడవు ఐదడుగుల దాకా ఉంటుంది. చిన్న కారు డిక్కీలో పట్టదు, వెనక సీటు మడవాలి, అప్పుడు మనుషులెక్కడ కూర్చుంటారు? మూడోది, మూలల్లో కత్తెర పట్టీలను పట్టి ఉంచే ముక్కలు ప్లాస్టిక్‌వా, లోహంవా. నీళ్ళు నిలిచినా, గాలి ఊపినా మొదట పగిలేది అవే. విడిగా దొరుకుతాయేమో దుకాణంలోనే అడగండి.

ఒక్కో కాలికి కనీసం 15 నుంచి 20 కిలోల బరువు కట్టాలి. నీళ్ళ కోసం ఎలాగూ తీసుకెళ్ళే 20 లీటర్ల క్యాను సరిగ్గా అంతే తూగుతుంది. తాడును కాలి అడుగున కాకుండా పై చట్రం నుంచి దించి క్యాను మెడకు కట్టండి. నీళ్ళు వాడుకున్నకొద్దీ బరువు తగ్గుతుందని మాత్రం మర్చిపోవద్దు. గాలి పెరిగి గుడ్డ బుడగలా ఉబ్బడం మొదలైతే కాళ్ళు పట్టుకుని నిలబడే సాహసం చేయకండి. గుడ్డ తీసేయండి, చట్రం దానంతటదే నిలుస్తుంది.

మిగతా రెండు

కారు పైన క్యారియర్ కమ్మీకి బిగించే ఆనింగ్ (పక్కకు చాపుకునే గుడ్డ పందిరి) రెండు నిమిషాల్లో తెరుచుకుంటుంది, నీడ బాగుంటుంది. కానీ పాల ప్యాకెట్ కోసం ఊళ్ళోకి వెళ్ళాలన్నా పందిరి మడవాలి. రోజుకో చోట ఆగుతూ వెళ్ళేవాళ్ళకే అది.

గ్రీన్ నెట్‌ను చాలామంది లెక్కలోకే తీసుకోరు. వేసవిలో ట్రాఫిక్ సిగ్నళ్ళ దగ్గర కట్టేది అదే. 75 శాతం నీడ ఇచ్చే రకం నెట్ ఎండను చాలావరకు ఆపుతుంది, వేడిగాలిని పైకి వదిలేస్తుంది, గాలికి టార్ప్‌లా ఎగరదు. ఏప్రిల్లో దాని కింద ఉన్నంత హాయి ఏ ఖరీదైన కెనోపీ కిందా ఉండదు. వానకు మాత్రం జల్లెడ. టార్ప్ కూడా ఉంటే దానికి అడుగు ఎత్తున నెట్ కట్టండి, కింద టార్ప్ వేడెక్కదు.

నేల ఎలాంటిది

గండికోటలో పెన్నా లోయ అంచున బండరాయి. అక్కడ మేకు దిగదు, గాలి తెరిపి ఉండదు. మేకు బదులు తాడు కొసను పిడికిలంత రాయికి కట్టి నేల మీద పెట్టి, దాని ముందు పందిరి వైపు ఎత్తలేనంత పెద్ద రాయి దొర్లించి పెట్టండి. లాగినకొద్దీ చిన్న రాయి పెద్దదానికి ఒరుసుకుని బిగుస్తుంది. ఫోల్డింగ్ కెనోపీ అక్కడికి మోసుకెళ్ళడం దండగ. కొప్పును నడుము ఎత్తుకు దించిన టార్పే నిలబడుతుంది.

సూర్యలంక లాంటి ఇసుక తీరంలో మామూలు మేకు వెన్నలో పుల్ల. ఒక సంచిలో ఇసుక నింపి, మెడకు తాడు కట్టి, మోచేతి లోతు గుంటలో అడ్డంగా పాతిపెట్టి తొక్కండి. ఇసుక కెనోపీ కాళ్ళ బటన్లలోకి దూరితే మడవడానికి రాదు. మంచినీళ్ళతో కడగండి, నూనె వేయొద్దు, ఇంకా ఇసుక పట్టుకుంటుంది.

అనంతగిరి చుట్టుపక్కల ఎర్రనేల వేసవిలో అల్యూమినియం మేకులను వంచేస్తుంది. వెల్డింగ్ షాపులో 10 ఎంఎం ఇనుప చువ్వను అడుగు ముక్కలుగా కోయించి పైన కొక్కెంలా వంచించుకోండి, ఎనిమిది చాలు. నల్లరేగడిలో ఎండినప్పుడు దిగిన మేకు తడిశాక ఊరికే ఊడొస్తుంది, అక్కడ అడుగున్నర చువ్వ కావాలి. ఏ నేలైనా మేకు తల పందిరికి అవతలి వైపుకు వాలాలి.

లంబసింగిలో శీతాకాలం వాన కంటే మంచు బెడద ఎక్కువ. గుడారం పైన అడుగు ఎత్తున టార్ప్ ఉంటే గుడారానికి ఆకాశం కనిపించదు, అంతగా చల్లబడదు, పొద్దునకు మంచు పట్టేది టార్ప్ మీదే.

పొయ్యి, పిడుగు

గ్యాస్ స్టవ్ పందిరి అంచు దగ్గర, ఎత్తున్న వైపు పెట్టండి, గాలి వైపు కాకుండా. మూడు వైపులా దించిన టార్ప్ లోపల బొగ్గుల కుంపటి పెడితే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. చలిమంట పందిరికి దూరంగానే. ఒక్క నిప్పురవ్వ చాలు, పీయూ గుడ్డకు బఠాణీ గింజంత చిల్లు పడటానికి.

పిడుగుకు ఏ పందిరీ అడ్డం కాదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్ల కంటే తక్కువ ఉంటే అందరూ కారులోకి వెళ్ళి అద్దాలు మూసుకోవాలి. దామిని యాప్ దగ్గర్లో పడుతున్న పిడుగులను చూపిస్తుంది, బయల్దేరే ముందు ఫోన్లో వేసుకోండి.

తిరిగొచ్చాక

తడిగా మడిచి తేవడంలో తప్పు లేదు, తడిగా అటక ఎక్కించడంలోనే ఉంది. ఇంటికొచ్చిన రోజే మేడ మీద నీడపట్టున ఆరేయండి, మూలల కుట్లు తడి లేకుండా ఆరాయో లేదో చూడండి. మడతలు ప్రతిసారీ ఒకే గీత మీద పడకుండా సంచిలోకి కుక్కేసినా పరవాలేదు, నిజానికి అదే మంచిది. పీయూ పూత వేళ్ళకు జిగురుగా తగిలి, పులిసిన వాసన వేస్తుంటే ఆ టార్ప్ వానకు ఆగదు. పెరట్లో కట్టెల మోపు మీద కప్పుకోండి.